రక్తహీనత: మాత్రలతో పాటు కంచం మీదా దృష్టి పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మంది, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఊరూరా ధాన్యం రాసులు పోసే రెండు రాష్ట్రాలలో సగానికి మించి ఆడవాళ్లకు రక్తం చాలడం లేదంటే, కడుపు నిండినంత మాత్రాన ఒంటికి పోషణ అందినట్టు కాదనడానికి వేరే రుజువు అక్కరలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలు చూస్తే, రక్తం పట్టడానికి కావలసిన ఇనుము వంద గ్రాముల మరపట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అదే వంద గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా, రాగుల్లో నాలుగున్నర దాకా, జొన్నల్లో నాలుగుకు దగ్గరగా ఉంటుంది. రోజుకు స్త్రీకి 29 మిల్లీగ్రాములు, పురుషుడికి 19 మిల్లీగ్రాములు కావాలని 2020లో ఆ సంస్థే సిఫార్సు చేసింది. అంటే ఇంట్లో ఇనుము ఎక్కువ కావలసిన మనిషి ఆమే. పప్పు, కూర, చేప ముక్క ముందుగా మగవాళ్లకూ పిల్లలకూ వడ్డించి, అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలిన అన్నంలోకి ఇంత పచ్చడి, కాస్త మజ్జిగ వేసుకుని తిన్నాననిపించుకునేదీ ఆమే. ఈ వడ్డన వరస మారనిదే ఏ పథకమూ పూర్తిగా ఫలించదని నా గట్టి అభిప్రాయం.

తిన్న కాస్తలోని ఇనుమైనా ఒంటికి పట్టాలి కదా. మా పల్నాడులో మిరప కోతల కాలంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు మధ్యాహ్నం చెట్టు నీడన క్యారియర్ విప్పి, తోటకూర పప్పో గోంగూరో కలుపుకుని నాలుగు ముద్దలు తింటారు. చేతులు కడుక్కునేలోగా ఫ్లాస్కులోంచి టీ వస్తుంది. ఎండలో అలసిన మనిషికి ఆ టీ ఎంత ఊరటో నాకు తెలుసు, దాన్ని మానమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే టీలోని టానిన్లు ఆకుకూరల్లోని ఇనుముతో ముడిపడి, పేగులు దాన్ని పీల్చుకోకుండా అడ్డుపడతాయి. అందుకే భోజనానికి ముందూ తర్వాతా కనీసం గంట సేపు టీ, కాఫీలు తాగవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ టీ ఒక గంట ఆగి తాగి, భోజనంలో నిమ్మచెక్క పిండుకుంటే, లేదా చివర ఒక జామకాయ తింటే, వాటిలోని విటమిన్ సి వల్ల అదే తోటకూర నుంచి ఎక్కువ ఇనుము ఒంటికి చేరుతుంది.

ఇక మాత్రల సంగతి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను ఆడపిల్లలు పిడికిట్లో దాచుకుని కిటికీ అవతలికి విసిరేయడం ఉపాధ్యాయురాలిగా నేను చూశాను. కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తోందని వాళ్ల భయం. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందని, ఆ నలుపు హాని చేయదని చెప్పిన రోజున ఎక్కువ మంది మింగారు. ఆ మాత్రలో ఇనుముకు తోడుగా ఉండే ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ను 1940లలో అమెరికాలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈ సంగతి చెప్తే పిల్లలు ఆ మాత్రను మరికాస్త గౌరవంగా చూస్తారు. గర్భిణులకు ఐరన్, క్యాల్షియం మాత్రలు రెండూ ఇస్తారు. క్యాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కనుక రెండింటినీ వేర్వేరు పూటల వేసుకోవాలని చెప్పకుండానే కొన్నిచోట్ల మాత్రల పట్టీలు చేతిలో పెట్టి పంపుతున్నారు.

రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 చేర్చిన గింజలు కలిపినప్పుడూ ఇదే జరిగింది. వివరం చెప్పేవారు లేక వాటిని ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారబోసిన ఇళ్లున్నాయి. నులిపురుగులు, బి12 లోపం వల్ల కూడా రక్తహీనత రావచ్చు కనుక నీరసం తగ్గనివారు పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

రెండు ప్రభుత్వాలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. రేషన్ దుకాణాల్లో బియ్యంతో పాటు జొన్నలు, రాగులు అన్ని జిల్లాల్లోనూ ఏడాది పొడవునా అందించాలి. మధ్యాహ్న భోజనంలో ఆకుకూర పప్పు వండిన రోజున పిల్లలకు నిమ్మచెక్క ఇవ్వాలి. మాత్రల పట్టీ ఇచ్చే ప్రతిసారీ టీకి గంట ఎడం ఉండాలని, క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలని చెప్పే బాధ్యతను ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు రాతపూర్వకంగా అప్పగించాలి. ఆ మాట అత్తగారు, భర్త కూడా ఉన్నప్పుడు చెప్పించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయురాలు,
నరసరావుపేట