పూలకు లెక్కలు అంటగట్టకండి

సంపాదకులు గారికి,

ప్రధాన సంఖ్యలు (ఒకటికి మించినవై, ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించలేనివి) ప్రకృతి రాసుకున్న రహస్య లిపి అంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి ఇది. ఎవరో ఒకరు రాస్తారులే అని చూశాను. మీరు అచ్చువేసిన ఉత్తరాలన్నీ 'అద్భుతం' అన్నవే. ఇక ఊరుకోలేకపోయాను.

పూలకు 3, 5, 13 రేకులుంటాయి కాబట్టి ప్రకృతికి ప్రధాన సంఖ్యలంటే ఇష్టమట! అదే వరసలో 8, 21, 34 రేకుల పూలూ ఉన్నాయి కదా, వాటినెందుకు మింగేశారు? అది ఫిబొనాచ్చి వరస, అంటే ముందరి రెండూ కలిపితే తర్వాతిది వచ్చే వరస. అందులో కొన్ని ప్రధాన సంఖ్యలు తగలడం మామూలే. అసలు పదిలోపే 2, 3, 5, 7 అని నాలుగున్నాయి. చిన్న చిన్న లెక్కల్లో అవి తగలకపోతేనే వింత. సముద్ర నక్షత్రం ఐదు చేతులు లెక్కపెట్టినవారికి సాలీడు ఎనిమిది కాళ్లు, తేనెపట్టు గది ఆరు మూలలు కనబడలేదు పాపం.

కాస్త ఆలోచించదగ్గ ఉదాహరణ అమెరికా తూర్పు ప్రాంతపు సికాడా పురుగులు. దాన్ని మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇవి నేల కింద వేర్ల రసం తాగుతూ కొన్ని రకాలు 13 ఏళ్లు, కొన్ని 17 ఏళ్లు గడిపి, లక్షల కొద్దీ ఒక్కసారే పైకొస్తాయి. అదే 12 ఏళ్లకైతే, రెండేళ్లకో మూడేళ్లకో నాలుగేళ్లకో విజృంభించే శత్రువుకు ప్రతిసారీ దొరికిపోవచ్చు. 17 ఏళ్లకైతే మూడేళ్ల శత్రువు ఒకసారి తగిలాక మళ్లీ 51 ఏళ్లకు గానీ తగలదు. ఒక 13 ఏళ్ల గుంపు, ఒక 17 ఏళ్ల గుంపు కలిసేది 221 ఏళ్లకోసారి. 1803లో కలిసిన రెండు గుంపులు మళ్లీ 2024లోనే కలిశాయి.

వినడానికి బాగానే ఉంది. అయితే అంత కచ్చితంగా ఏళ్లు లెక్కపెట్టి వచ్చే శత్రువు ఇంతవరకు దొరకలేదు. పైగా 17 ఏళ్ల పురుగులు కొన్ని నాలుగేళ్లు ముందే బయటపడుతుంటాయి. అంటే 13 ఏళ్లకే! అసలు గుట్టు ఆ నాలుగేళ్ల గెంతులోనే ఉందేమో. మేఘాలయలో ఒక సికాడా నాలుగేళ్లకోసారి, ఫిజీలో ఒకటి ఎనిమిదేళ్లకోసారి వస్తాయి. మిజోరంలో ఒక రకం వెదురు దాదాపు 48 ఏళ్లకు పూస్తుంది. ఇవేవీ ప్రధాన సంఖ్యలు కావే!

నిజంగా ఒళ్లు జలదరించే సంగతి వేరే ఉంది. ప్రధాన సంఖ్యల అమరికతో ముడిపడ్డ జీటా ప్రమేయం అనే గణిత సూత్రం విలువ సున్నా అయ్యే చోట్ల మధ్య దూరాలు, బరువైన పరమాణు కేంద్రకాల శక్తి స్థాయిల తీరులోనే ఉన్నాయని 1972లో గణితవేత్త మాంట్‌గోమరీ, భౌతిక శాస్త్రవేత్త డైసన్ ఇద్దరూ మాటల్లో గమనించారు. దాని ఊసే లేదు. బొమ్మ వేయడానికి పువ్వంత బాగుండదు కాబోలు.

మిమ్మల్నే అని ఏం లాభం? విద్యాధికారులూ తక్కువ తినలేదు. సైన్స్ దినోత్సవం వస్తే ఇలాంటివే చార్టుల మీదికెక్కించి బహుమతులిస్తారు. 'మరి 8 సంగతేంటి సార్?' అన్న పిల్లాడికి 'సిలబస్‌లో లేదు, కూర్చో' అని జవాబు. పరీక్షలో మాత్రం నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

'శాస్త్రవేత్తలు నిరూపించారు' అని మీ వ్యాసంలో మూడుచోట్ల ఉంది. ఏ శాస్త్రవేత్త, ఎప్పుడు, ఏం నిరూపించారు? ఆ వివరమైనా వేయండి. రాశిఫలాల పక్కన చోటిచ్చినా సరే.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు