ఆడపిల్లల జడల మీదే అందరి కళ్లు

సంపాదకుడికి,

బాలికల కబడ్డీ పోటీలు ‘అమ్మాయిల ముస్తాబు తెమలక’ ఆలస్యమయ్యాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. నిర్వాహకులు చెప్పింది చెప్పినట్టు అచ్చేస్తే ఎట్లా? కోర్టు పక్కన కాసేపు నిలబడితే అసలు సంగతి తెలిసేది.

కబడ్డీలో గోళ్లు మొదలంటా కత్తిరించుకోవాలి, ఒంటి మీద నగ ఉండొద్దు, నూనె లాంటిదేదీ రాసుకోవద్దు. ఈ నియమాలు మగపిల్లలకూ ఉన్నవే. కానీ మగపిల్లాడు తీసేది ఒక కడెం, మేడారంలో కట్టించుకున్న దారం. ఆడపిల్ల కమ్మలు, ముక్కుపుడక, గాజులు, పట్టీలు, గొలుసు తీసి, పోకుండా ఎవరికో అప్పజెప్పి రావాలె. కొత్తగా కుట్టించిన ముక్కయితే పుడక తీసిన కొద్దిసేపటికే పూడుకుపోవడం మొదలవుతుంది. ఆటల కాలం దాటేదాకా ఆగమని తల్లులకు ముందే చెప్పేవాళ్లు లేరు.

ఇక జడ. బడికి నూనె రాసి, రెండు జడలకు రిబ్బన్లు కట్టుకొని రాకపోతే ప్రార్థన దగ్గరే నిలబెడతారు. అదే నూనె ఆటలో చెమటతో కలిసి కళ్లలోకి దిగుతుంది, మెడ మీదుగా భుజాలకు పాకి పట్టు జారుతుంది. రిఫరీ తుడుచుకు రమ్మంటే తుడిస్తే పోయేదా అది? ముందురోజు రాత్రే తలస్నానం చేసి నూనె వదిలించుకోవాలి. పూర్తిగా ఆరాక నుదుటి దగ్గర నుంచే పాయలు కలుపుకుంటూ, తలకు అంటుకునేలా రెండు జడలు అల్లి, కొసలు పైకి మడిచి బట్ట రబ్బరుబ్యాండ్లతో కట్టాలి. సైడుపిన్నులు పెడితే పడ్డప్పుడు నెత్తికో, పట్టుకున్న పిల్ల చేతికో గుచ్చుకుంటాయి. మరీ బిగిస్తే కణతలు లాగుతాయి, వదులైతే రెండు రెయిడ్లకే ఊడిపోతుంది. ఇంకొకరు అల్లినా తలకు పది నిమిషాలు పడుతుంది. ఆడే 7గురు, బయట కూర్చునే 5గురు కలిసి జట్టుకు 12 తలలు.

అథ్లెటిక్స్‌లో జడకు ఫలితమే మారిపోతుంది. లాంగ్‌జంప్‌లో ఊడిన జడ ఇసుకలో వెనక గీత పెడితే దూరం అక్కడి నుంచే కొలుస్తారు. హైజంప్‌లో బార్ జడ తగిలి పడ్డా ఆ ప్రయత్నం పోయినట్టే.

దుస్తుల గోడు వేరే ఉంది. మగపిల్లల కొలతలకు కుట్టిన జెర్సీలే ఆడపిల్లలకూ పంచుతారు. మెడ వెడల్పు, చంకలు వదులు, అందుకని లోపల ఇంకో బనీను, నిక్కరు కింద లెగ్గింగ్. నూలుదైతే చెమటకు బరువెక్కి మోకాళ్ల దగ్గర చిరుగుతుంది. నిక్కరేమో తెల్లది. నెలసరి రోజుల్లో ఆ పిల్ల చూపు ఆట మీద ఎట్లా నిలుస్తుంది? తెల్లబట్టల పట్టింపున్న వింబుల్డన్ టెన్నిస్ పోటీల్లో కూడా 2023లో ఆడవాళ్లను లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోనిచ్చారు. మన దగ్గర ఆ ఆలోచన చేసే అధికారి ఎవరు?

ఇవన్నీ మార్చుకునేది గడియ లేని ఒక్క మరుగుదొడ్డిలో. ఒకరు లోపల, ఒకరు తలుపు పట్టుకొని బయట, మిగతావాళ్లు వరుసలో. మగపిల్లలు బస్సు చాటున చొక్కా మార్చుకొని వచ్చేస్తారు.

మగపిల్లలు సింగారించుకోరని ఎవరన్నారు? పోటీ ముందురోజు సాయంత్రం సెలూన్లన్నీ వాళ్లతోనే నిండుతాయి. పక్కలు గొరిగించి బ్లేడుతో గీతలు పెట్టించుకుంటారు. తెల్లారి ఆ గాట్లకు చెమట తగిలి మంట. జెల్ సగం ఆటకే కరిగి కళ్లలో పడుతుంది. పిల్లలు ముచ్చటపడితే నాకేమీ అభ్యంతరం లేదు, దాని మీదా ఒక వార్త రాయనందుకే బాధ. ఎండలో వరుస కట్టించి, ముఖ్య అతిథి వచ్చేదాకా, శాలువాలూ ఉపన్యాసాలూ అయ్యేదాకా ఆగిన గంటలను కూడా ఎవరూ ఆలస్యం కింద రాయరు.

పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తిని చిన్నప్పుడు రూపం చూసే వెక్కిరించారు. ఆమె 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆడపిల్ల ఎట్లున్నదని మాట్లాడే అలవాటు మనకు ఇంకా పోలేదు.

పోటీలు పెట్టేవాళ్లు ఆటకు ముప్పావుగంట ముందు గడియ ఉన్న ఒక గది, నీళ్లు, అద్దం, గోళ్ల కత్తెర, నగలకు పేర్లు రాసిన కవర్లు, కాపలాకు ఒక ఉపాధ్యాయురాలిని ఏర్పాటు చేయాలి. పోటీ ముందురోజు నూనె రాసుకు రమ్మనొద్దని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా చెప్పాలి. మీరు ఆ వార్తకు సవరణ వేయండి, అదే పేజీలో, అంతే అక్షరాల్లో.

— ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు, హన్మకొండ