గ్లాసుతో గో నేర్పిన అక్కకు

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ మూడో అంతస్తులో ఉన్న అక్కా, ఇది మీకోసమే.

నాలుగేళ్లుగా నేను పని చేసింది జావా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లోనే. ఇంటర్వ్యూలో కోడ్ గో లాంగ్వేజ్‌లో రాయాలన్నారు, చేతిలో ఐదు రోజులే ఉన్నాయి. సింటాక్స్, అంటే కోడ్ రాసే పద్ధతి, త్వరగానే పట్టుబడింది కానీ ఛానెల్స్ దగ్గర, అంటే ఒకేసారి నడిచే పనులు ఒకదానికొకటి డేటా అందించుకునే దారుల దగ్గర, ఆగిపోయాను. రాత్రి పదకొండింటికి డైనింగ్ హాల్లో కూర్చుని ఎన్నిసార్లు రన్ చేసినా ప్రోగ్రామ్ ముందుకు కదల్లేక ఆగిపోయిందని చెప్పే డెడ్‌లాక్ ఎర్రరే. టెన్షన్‌తో ఏడుపొచ్చేసింది.

నీళ్ల కోసం వచ్చిన మీరు స్క్రీన్ చూసి, ఒక స్టీలు గ్లాసు నింపి నా ముందుకు చాపారు. అందుకోబోతే "ఆగు, తీసుకోకు" అన్నారు. మీ చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"బఫర్ లేని ఛానెల్ అంటే ఇదే. నువ్వు అందుకునేదాకా నేను కదలలేను. టేబుల్ మీద చోటుంటే పెట్టేసి వెళ్లిపోతాను, అది బఫర్. అందుకునేవాళ్లే లేకపోతే ఎప్పటికీ ఇలాగే నిలబడాలి. అదే నీ డెడ్‌లాక్."

నా కోడ్‌లో పంపడం, అందుకోవడం రెండూ ఒకే మెయిన్ ఫంక్షన్‌లో ఉన్నాయి! పంపే పనిని వేరే గోరొటీన్‌లో, అంటే మెయిన్‌తో పాటు విడిగా నడిచే పనిగా, పెట్టగానే నడిచింది.

పొద్దున్నే ఏడింటికి మీకు ఆఫీసు క్యాబ్. అయినా ఒంటిగంటన్నర దాకా కూర్చుని, "ఇంగ్లిష్ తర్వాత, ముందు తెలుగులో చెప్పు" అంటూ ప్రతి లైనూ నాచేత చెప్పించారు. అలా ఎవరూ నన్ను అడగలేదక్కా.

ఉద్యోగం వచ్చింది. స్వీట్ బాక్స్ పట్టుకుని పైకొస్తే మీరు గది ఖాళీ చేశారన్నారు. మీ నంబరైనా తీసుకోలేదు. ఎక్కడున్నా ఇది మీ కంటపడాలి. చాలా థ్యాంక్సక్కా.