ఎర్రమట్టి దిబ్బలకు సూక్ష్మ పటం కావాలి

సంపాదకులు గారికి,

విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య తీరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ వచ్చిన వేల ఏళ్లలో గాలి మోసుకొచ్చిన ఇసుకతో పేరుకుని, అందులోని ఇనుము ఆక్సీకరణతో ఎరుపెక్కి, వాన నీటి కోతకు లోతైన గెడ్డలుగా చీలినవి. మొన్న వానలో ఒక గెడ్డ అంచున నిలబడితే, నా కళ్లముందే దోసెడు ఇసుక జారి ఎర్రనీటిలో కలిసిపోయింది.

నేల ఎత్తుపల్లాలను చూపే 1:50,000 స్కేలు పటం (టోపోషీటు)లో సెంటీమీటరంటే అర కిలోమీటరు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల మధ్య ఎత్తులో ఎడం సాధారణంగా 20 మీటర్లు. అయిదారు మీటర్ల గెడ్డ అందులో కనిపించదు. అది ఆ పటం లోపం కాదు, దాని ప్రయోజనమే వేరు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలను ఏటా వానలకు ముందు, తర్వాత డ్రోన్లతో మీటరు ఎడం కాంటూర్లకు సర్వే చేయించి, హద్దురాళ్లు నాటించి, ఆ పటాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, భీమునిపట్నం