ఆ ఆపరేషన్ సీన్ కోసమైనా చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం. అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లో 'స్పాక్స్ బ్రెయిన్' ఎపిసోడ్ వట్టి చెత్త అని మీ ఆదివారం పేజీలో రాశారు, కథ వరకూ అయితే నేనూ ఒప్పుకుంటాను, 1968 సెప్టెంబర్ 20న మూడో సీజన్ దీంతోనే మొదలైంది, ఎవరో ఒకమ్మాయి అంతరిక్ష నౌకలోకి వచ్చి అందులో ఆఫీసరైన స్పాక్ మెదడు ఎత్తుకుపోవడమేంటి, మెదడు లేని మనిషిని నౌకలో తోటివాళ్ళు రిమోట్ నొక్కి నడిపించడమేంటి, సైన్స్ వెతికినా దొరకదు.

కానీ ఆపరేషన్ సీన్ చూడండి సార్. స్పాక్ మెదడు తిరిగి పెట్టడానికి నౌక డాక్టర్ మెకాయ్ తన తలకి ఒక యంత్రం తగిలించుకుని ఆ ఆపరేషన్ చేసే తెలివి తెచ్చుకుంటాడు, సగంలో ఆ తెలివి కాస్తా ఆవిరైపోతుంది, చెయ్యి ఆడదు, అప్పుడు ముందు స్పాక్ నోరు పనిచేసేలా కలిపితే పేషెంటే బల్ల మీద పడుకుని డాక్టర్‌కి ఏది ఎక్కడ కలపాలో చెప్తుంటాడు! లేచాక కూడా ఆపడు, వాగుతూనే ఉంటాడు, అసలు ఈయన నోరెందుకు కలిపాను అని మెకాయ్ విసుక్కుంటాడు. ఎప్పుడూ కీచులాడుకునే ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత ప్రాణమో నాకైతే అక్కడే కనిపించింది.

గిరీశం కబుర్లకి పడీపడీ నవ్విన ఊరు మాది, మాటకారితనం విలువ మాకు తెలుసు. రివ్యూలో ఆ సీన్‌కి ఒక్క లైనైనా ఇవ్వాల్సింది.

– ఒక పాఠకురాలు, విజయనగరం