మా ఆశా అక్కకు కృతజ్ఞతలు

2021 మే నెల, హన్మకొండలో మా ఇల్లు. వెనక గదిలో కోవిడ్‌తో అమ్మ, ముందు గదిలో పక్షవాతంతో మంచం పట్టిన నాన్న. నాన్నను చూసుకునే ఆయమ్మ భయపడి రావడం మానేసింది. ఆమెను తప్పుపట్టలేను, ఆమెకూ ఇల్లుంది. లాక్‌డౌన్ సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే. మందులు, పాలు, కూరగాయలు అన్నీ ఆలోపే తెచ్చుకోవాలి. రాత్రిళ్లు అమ్మ ఆక్సిజన్ 94 కంటే తగ్గుతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

మందుల కిట్ ఇవ్వడానికి వచ్చిన ఆశా కార్యకర్త గుమ్మం బయటే నిలబడి అమ్మ రీడింగులు రాసుకుంది. తర్వాత నన్ను చూసి, "నువ్వేమన్న తిన్నవా చెల్లె?" అని అడిగింది. అప్పటిదాకా ఫోన్ చేసినవాళ్లంతా అమ్మానాన్నల గురించే అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె తొందరపెట్టలేదు, ఎండలో అట్లాగే నిలబడింది. నా వేలికి కూడా ఆక్సీమీటర్ పెట్టుకోమని, నా పేరు కూడా తన పుస్తకంలో రాసుకుంది. అమ్మను బోర్లా ఎలా పడుకోబెట్టాలో, ఛాతీ కింద దిండు ఎక్కడ పెట్టాలో ఓపికగా చెప్పింది.

మరునాటి నుంచి మా గేటుకు అన్నం, పప్పుచారు ఉన్న డబ్బా తగిలించి వెళ్లేది. సాయంత్రం ఫోన్ చేసి, తిన్నానని చెప్పేదాకా పెట్టేసేది కాదు. రోజంతా ఇల్లిల్లూ తిరిగే మనిషి, ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లి, మాకోసం కూడా వండింది.

పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. అమ్మ కోలుకుంది. మా ముగ్గురి తరఫున నీకు దండాలు అక్కా.