పన్ను నోటీసులో లెక్క కూడా చూపించండి

సంపాదకుడు గారికి,

మా పట్టణంలో ఆస్తి పన్ను డిమాండ్ నోటీసులు పంచుతున్నారు. అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, పాత బకాయి, అర్ధ సంవత్సరానికి కట్టాల్సిన సొమ్ము, వడ్డీ, అన్నీ ఉన్నాయి. ఆ సొమ్ము ఎలా తేలిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె ఎంత రావచ్చో చూసి పన్ను వేసే అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ పద్ధతి వచ్చింది. స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ కట్టి, అందులో ఇంత శాతం అని పన్ను వేస్తారు. జీవో 198 ప్రకారం ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ హద్దుల్లో ఏ రేటు వేయాలో మున్సిపాలిటీ నిర్ణయిస్తుంది. 20 లక్షల విలువైన ఇంటికి ఈ లెక్కన ఏడాదికి 2 వేలు పడవచ్చు, 10 వేలూ పడవచ్చు. అదే విలువైన దుకాణానికి 4 వేల నుంచి 40 వేల దాకా పోవచ్చు. ఇంత తేడా ఉన్నప్పుడు మన ఊళ్లో రేటు ఎంతో, మన ఆస్తికి విలువ ఎంత కట్టారో నోటీసులో ఉండాలా వద్దా? కరెంటు బిల్లులో యూనిట్లు, శ్లాబులు, చార్జీలు విడివిడిగా వేస్తున్నారు కదా.

ఒకేసారి భారం పడకుండా పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. మంచిదే. అయితే అది ముందటి ఏడాది పన్ను మీద 15 శాతం. వెయ్యి రూపాయల పన్ను వరసగా ఐదేళ్లు అలా పెరిగితే 2,011 రూపాయలవుతుంది. కొత్త పద్ధతి ప్రకారం రావాల్సిన పన్ను దగ్గరికి చేరాక ఈ పెంపు ఆగాలి. ఆ అంకె తెలియనివాడికి ఇంకా ఎన్నేళ్లు పెరుగుతుందో ఎలా తెలుస్తుంది? పైగా 2025 ఫిబ్రవరిలో మార్కెట్ విలువలు సవరించారు, దాంతో ఆ అంకె మారిందో లేదో కూడా తెలియదు.

లెక్క తెలియకపోతే తప్పు పడినా బయటపడదు. మా వీధిలో ఒకాయన ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టి టైలరింగ్ షాపు నడిపేవారు. చూపు తగ్గాక మానేశారు. ఇప్పుడు ఆ గదిలో బియ్యం బస్తాలు, మనవడి సైకిలు ఉంటాయి. గది మాత్రం రికార్డుల్లో ఇంకా వ్యాపార కేటగిరీలోనే ఉంది. పన్ను పెరుగుతుంటే అందరికీ పెరుగుతోందిలే అనుకున్నారు పాపం. ప్లాను లేకుండా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు కొన్నవాళ్లదీ ఇదే అవస్థ. పన్నుతో పాటు జరిమానా కూడా ఏటా కడుతున్నామని చాలామందికి తెలియదు. ఆ జరిమానా కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదన్న సంగతి అసలే తెలియదు. ఇక అద్దె షాపుల్లో ఒప్పందం ప్రకారం పన్ను అద్దెదారు నెత్తిన పడుతుంది, నోటీసు యజమాని పేరున వస్తుంది. ఆ చిన్న వ్యాపారి ఎవరిని అడగాలి?

అభ్యంతరం ఉంటే రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్లీ పరిశీలించమనే అర్జీ, పెట్టుకోమంటారు. విలువ, రేటు, కొలతలు తెలియకుండా దేని మీద పెట్టాలి? వార్డు సచివాలయంలో అడిగితే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లమంటారు, అక్కడ బిల్ కలెక్టర్‌ని కలవమంటారు. ఈలోగా గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఆ టెన్షన్‌తో వచ్చినంతకి కట్టేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్ను సంగతీ అంతే. ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు అన్నది మున్సిపల్ ఆఫీసు బోర్డు మీద రాసి పెట్టవచ్చు.

పన్ను ఎగ్గొట్టాలని కాదు ఇదంతా. ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేసి 5 శాతం రాయితీ తీసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పురపాలక శాఖను కోరేది ఇది: వచ్చే నోటీసులో కట్టడం కొలత, నివాసమా వ్యాపారమా, మూలధన విలువ, రేటు, చివరికి చేరాల్సిన పన్ను, జరిమానా ఉంటే అది ఎంత అన్నవి అచ్చు వేయించండి. వివరాలన్నీ ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి.

- ఒక పన్ను చెల్లింపుదారు, గుంటూరు జిల్లా